తప్పని కొట్టేసిన సంవత్సరం

కూర్చోమన్నారు, కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ వెర్నీస్ లాకెట్ ఒంట్లో ఇవాళ ఏదీ కుదురుగా లేదు. అరికాళ్ళలో మొదలైన మంట మోకాళ్ళ మీదుగా పైకి పాకుతోంది. డెబ్బై ఏడేళ్ళొచ్చాయి, మోకాళ్ళు అరిగాయి, పళ్ళలో సగం రాత్రిపూట తీసి గ్లాసులో పెట్టుకునేవే, కోపం మాత్రం పిసరంత అరగలేదు. హైస్కూలు ఆఫీసు బయట నడవాలో వేసిన ఆ నీలం ప్లాస్టిక్ కుర్చీ ఎవరో పదహారేళ్ళ పిల్ల కొలతకి చేసినట్టుంది, ఆమె దాని మీద సగం ఉంటే సగం గాల్లో ఉంది. తొమ్మిదింటికి రమ్మంది చరిత్ర చెప్పే టీచరు మిస్ ఫెల్టన్. ఐదు నిమిషాలు ముందే వచ్చింది వెర్నీస్. వచ్చి చూస్తే టీచరు లేదు.

"క్లాసులో ఉందత్తా. పదింటికి బెల్లు కొట్టాక వస్తుంది," అంది ఆఫీసు కిటికీ వెనక నుంచి డార్లీన్. చర్చి పాటల బృందంలో రెండో వరసలో నిలబడి, ఎప్పుడూ అందరికన్నా ఒక మాట వెనగ్గా పాడే డార్లీన్.

"మరి తొమ్మిదింటికి రమ్మన్నది నన్నా, నా దెయ్యాన్నా?"

"పెద్దవాళ్ళు కదా, లేటవుతారేమో అనుకుని ఉంటుంది."

"నువ్వు పుట్టిన రోజు మీ అమ్మ నొప్పులు పడుతుంటే డాక్టరు కన్నా ముందు వచ్చిందెవరే?"

"మీరే అత్తా."

"మరి?"

డార్లీన్ నవ్వు మింగి కంప్యూటరు వైపు తిరిగింది. గంట. సరే, గంటకేముంది, ఇంతకన్నా పెద్ద గంటలు కూర్చుంది వెర్నీస్, ఇంతకన్నా గట్టి బల్లల మీద. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. బ్యాగులో పరీక్ష కాగితం ఉంది, కాగితం మీద నలభై ఒకటో ప్రశ్న ఉంది. తీసి చూడక్కర్లేదు, మూడు రోజులుగా అన్నం ముందు కూర్చున్నా, స్నానానికి వెళ్ళినా అదే కళ్ళ ముందు ఆడుతోంది. ఆఫ్రికా సంతతి అమెరికన్లకు ఓటు హక్కు ఏ సంవత్సరంలో లభించింది? నాలుగు జవాబులిచ్చారు, 1870, 1920, 1965, 1971. కూతురి కూతురు జలీసా 1965 పక్కనున్న సున్నాని పెన్సిలుతో నల్లగా నింపింది. మిషను దిద్దింది, తప్పంది. సరైన జవాబు 1870 అని పక్కన అచ్చు కొట్టింది. వందకి అరవై వస్తేనే హైస్కూలు పట్టా, పిల్లకి యాభై తొమ్మిది వచ్చాయి. పట్టా లేకపోతే నర్సింగ్ కాలేజీలో సీటు లేదు, సీటు లేకపోతే తల్లి పక్కనే కోళ్ళ ఫ్యాక్టరీలో నిలబడి చలి గదిలో రెక్కలు కోస్తూ కూర్చోవాలి, వేళ్ళు కొంకర్లు పోయేదాకా. ఆ ఒక్క మార్కూ అడిగి తీసుకుపోదామని వచ్చింది వెర్నీస్. నిజం చెప్పాలంటే మార్కు కోసమే వచ్చానని కూతురికి చెప్పింది గానీ, మార్కు ఒకటే అయితే ఒళ్ళు ఇంతగా మండేది కాదు.

పిల్ల చదివే పుస్తకం కూడా తెప్పించి చూసింది. పచ్చ అట్ట, పైన జెండా బొమ్మ, విద్యార్థులకు అమెరికా చరిత్ర, ప్రభుత్వం, ముఖ్యాంశాలు అని పేరు. కళ్ళజోడు పెట్టుకుని వేలు కింద పెట్టుకుని ఒక్కో మాటే చదివింది. 1870లో రాజ్యాంగానికి పదిహేనో సవరణ వచ్చింది, దానితో నల్లవారికి ఓటు హక్కు లభించింది. రెండు వరసలు. యాభై పేజీలు తిప్పాక 1965, ఆ ఏడాది వచ్చిన చట్టం ఈ హక్కును మరింత పటిష్ఠం చేసింది. ఒక వరస. పటిష్ఠం చేసిందట! గోడ ఉంటే కదా పటిష్ఠం చెయ్యడానికి, ఇటుకే లేని చోట సున్నం వేశామంటే ఎలా నమ్మడం? 1870లోనే వచ్చేసిందంటే, ఆర్జీలియా 1903లో పుట్టేసరికే ఆమె తలగడ కింద పెట్టి ఉందన్నమాట హక్కు. ఆర్జీలియా అంటే వెర్నీస్ కన్నతల్లి. ఇంకో పేజీలో 1920లో ఆడవాళ్ళకీ వచ్చిందని రాశారు, అంటే పదిహేడేళ్ళప్పుడు ఇంకోసారి వచ్చింది, ఒకసారి నల్లదానిగా, ఒకసారి ఆడదానిగా. రెండుసార్లు హక్కు వచ్చిన మహాతల్లి అరవై రెండేళ్ళు బతికి ఒక్కసారి కూడా ఓటు వెయ్యలేదంటే ఏమనుకుంటారు చదివిన పిల్లలు? బద్ధకం అనుకుంటారు. పట్టని మనిషి అనుకుంటారు. తెల్లారకముందే లేచి ముగ్గురి బట్టలు ఉతికి, పత్తి చేలో కలుపు తీసి, మధ్యాహ్నం వేరొకళ్ళ ఇస్త్రీ చేసి, సాయంత్రం పిల్లలకి మొక్కజొన్న రొట్టె కాల్చి పెట్టిన మనిషికి ఓటు రాయించుకోడానికి కోర్టు దాకా వెళ్ళి రావడానికి బద్ధకం వేసిందని రాసింది ఈ కాగితం. ఆ మాట అనకుండా అంది. అనకుండా అన్న మాటకి జవాబు చెప్పడం ఎంత కష్టమో!

ఎదురుగా గోడ నిండా పిల్లలు బొమ్మ వేశారు. పెద్ద ఓక్ చెట్టు, దానికి మూడు కొమ్మలు. ఒక కొమ్మ మీద చట్టాలు చేసేవాళ్ళు, ఒక కొమ్మ మీద అమలు చేసేవాళ్ళు, ఒక కొమ్మ మీద తీర్పు చెప్పేవాళ్ళు. చెట్టు మొదట్లో వంకరటింకర అక్షరాలతో 'మేము, ప్రజలము' అని రాశారు. వేళ్ళు గీయడం మర్చిపోయారు పాపం, చెట్టు గాల్లో నిలబడి ఉంది. ఈ మూడు కొమ్మలూ వెర్నీస్‌కి ఇరవై రెండేళ్ళప్పుడే నోటికొచ్చు, అదీ బళ్ళో నేర్చుకున్నది కాదు, బడి మూడో తరగతితో సరి, తర్వాతంతా పత్తే. ఓటు కావాలంటే పెట్టే పరీక్ష కోసం మిస్ కోరా బెల్ సెలూన్‌లో నేర్చుకుంది. టీచర్లు చెబితే ఉద్యోగం పోయేది, పాస్టరు చెబితే చర్చి తగలబడేది. కోరా బెల్ తలలు దువ్వేది తమవాళ్ళవే, ఆమె పొట్ట మీద కొట్టే మగాడు ఆ ఊళ్ళో లేడు. మంగళవారం, గురువారం సాయంత్రాలు తలుపు వేసి, పొయ్యి మీద ఇనప దువ్వెన ఎర్రగా కాల్చి, జుట్టు నున్నగా సాగదీస్తూ ప్రశ్నలడిగేది. చట్టాలు చేసేదెవరే? కాంగ్రెస్. సెనేటరు ఎన్నేళ్ళుంటాడు? ఆరు. సుప్రీంకోర్టు జడ్జి? చచ్చేదాకా. రైటు. అధ్యక్షుడు వద్దన్న చట్టాన్ని ఆయన్ని కాదని గెలిపించాలంటే ఎంతమంది కావాలి? అక్కడ వెర్నీస్ ఆగిపోయేది. ఆగితే దువ్వెన కూడా ఆగేది, సరిగ్గా చెవి పక్కన, చెవి తమ్మెకి వేడి తగిలేలా. "ఆలోచించుకోమ్మా, నాకేం తొందర్లేదు," అనేది కోరా బెల్ తాపీగా. మూడింట రెండొంతులు, మూడింట రెండొంతులు! రాజ్యాంగం అంతా కాలిన వెంట్రుకల వాసనతో ఎక్కింది వెర్నీస్ బుర్రకి. ఇప్పటికీ టీవీలో సెనేట్ అన్న మాట వినపడితే చెవి దగ్గర చురుక్కుమంటుంది.

ఒక్క సంతకం మాత్రం అక్కడ రాలేదు. అది ఇంట్లో నేర్చుకుంది. చలి రాకుండా గోడలకి పాత పేపర్లు అంటించేవాళ్ళు ఆ రోజుల్లో, ఆ పేపర్ల అంచుల్లో ఖాళీ తెల్లగా ఉండేది. దీపం పక్కన మోకాళ్ళ మీద నిలబడి, పేపరు అంచు వెంబడి తన పేరు రాసుకుంటూ పోయేది. వెర్నీస్ లాకెట్, వెర్నీస్ లాకెట్, తలుపు దగ్గర మొదలై మంచం దాకా. మొదట్లో తాగినవాడి నడకలా ఉండేది, క్రిస్మస్ నాటికి నిలబడింది. మొదటి అక్షరానికి ఒక వంపు, చివరి అక్షరానికి ఒక తోక. అమ్మ వెనక నిలబడి చూసేది. "ఎంత అందంగా ఉందే, గుడ్డ మీద కుట్టుకోవచ్చు," అనేది. ఆర్జీలియాకి చదవడం వచ్చు, బైబిలు మొత్తం వచ్చు, రాయడానికి మాత్రం ఇస్త్రీపెట్టె పట్టీ పట్టీ బిగుసుకుపోయిన వేళ్ళు వంగేవి కావు.

"అత్తా, కాఫీ తాగుతారా? మెషీన్‌ది, వేడిగా ఉంటుంది," డార్లీన్ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"వేడికి లోటేం లేదమ్మా నాకు."

"బీపీ బిళ్ళ వేసుకున్నారా పొద్దున?"

"వేసుకున్నా. అది కూడా నాతో పాటు కూర్చుని ఉంది టీచరు కోసం."

తొమ్మిదీ ఇరవై. గోడ గడియారం ముల్లు కదులుతున్నట్టే లేదు. కదలదు, ఆఫీసుల్లో గడియారాలు ఎవరు చూస్తున్నారన్నదాన్ని బట్టి నడుస్తాయి, 1965 జనవరిలో ఓటు కోసం వెళ్ళిన ఆ సోమవారం కూడా అంతే. నెలలో మొదటి సోమవారం, మూడో సోమవారం, రెండే రోజులు తెరిచేవాళ్ళు కోర్టులో ఓటర్ల ఆఫీసు. వాళ్ళిష్టం వచ్చినప్పుడు తెరిచి, భోజనానికని మూసి, ఇద్దరిని రాయించుకుని ఇక పొండి అనేవాళ్ళు. పోనీ వెళ్ళి నిలబడదామా అంటే ఉత్తినే నిలబడనివ్వరు, హామీ కావాలి. ఈమె నాకు తెలుసు, మంచి నడత గల మనిషి అని అప్పటికే ఓటున్నవాడు ఒకడు పక్కన నిలబడి చెప్పాలి. తెల్లవాళ్ళు చెప్పరు. తమవాళ్ళలో ఓటున్నవాళ్ళు ఆ కౌంటీ మొత్తానికి ఏడుగురు, అందులో ఇద్దరు మంచం మీద, ముగ్గురు పిరికివాళ్ళు. ఆ ఆఫీసులో ఇంకో నియమం పెట్టారు, ఒక మనిషి ఏడాదికి ఇద్దరికే హామీ ఉండాలి. హోరేస్ టార్వర్ గారు ఉండేవారు, శవాలని సాగనంపే వ్యాపారం, తెల్లవాళ్ళు తమ శవాల్ని ఎలాగూ ఆయన దగ్గరికి తేరు కాబట్టి ఆయనకి భయం లేదు. జనవరి మొదటి సోమవారమే ఒక హామీ బావమరిదికి వాడేశారు. మిగిలింది ఒక్కటి. ఆ ఒక్కటీ ఆర్జీలియాకి ఇస్తానన్నారు, పెద్దావిడ కదా అని. ఆర్జీలియా ఒప్పుకోలేదు. వంటింట్లో చిలగడదుంపల తొక్క తీస్తూ, కత్తి ఆపకుండానే చెప్పింది, "దీని సంతకం చూశారా మీరు? దీన్ని పంపండి. నాకేం, వచ్చే జనవరికి వెళ్తా. ఇన్నేళ్ళు ఆగినదాన్ని, ఇంకో ఏడాదికి కరిగిపోతానా?" అంది.

వచ్చే జనవరి. ఆ మాట తలుచుకుని వెర్నీస్ బ్యాగు పట్టీని రెండు చేతులా పిండింది. శవాల బండిలో వెళ్ళారు పట్టణానికి, ఆ బండిని ఎవడూ ఆపడని. ముందు టార్వర్ గారు నల్ల కోటు వేసుకుని తోలుతుంటే, వెనక శవపేటిక పెట్టే చోట తల్లీ కూతురూ కాళ్ళు చాపుకు కూర్చున్నారు. "పడుకుని ఎక్కాల్సిన బండి కూర్చుని ఎక్కాను, నా అదృష్టం చూడవే," అని అమ్మ ఒకటే నవ్వు. నవ్వితే భుజాలు కదిలేవి, చప్పుడొచ్చేది కాదు. కోర్టు ముందు చలిలో అరవై మంది వరస. నీళ్ళకి వెళ్తే చోటు పోతుంది, పక్కకి వెళ్తే చోటు పోతుంది, పోలీసులు కర్రలతో పిక్కలు తడుతూ అటూ ఇటూ తిరిగేవాళ్ళు. పొద్దున ఏడింటికి నిలబడితే రెండున్నరకి పిలిచారు. లోపల ఓటర్లని రాసుకునే కళ్ళజోడు మనిషి, పేరు వెర్నీస్ ఏనాడూ నోటితో పలకలేదు, ఇప్పుడూ పలకదు. టార్వర్ గారు హామీ చెప్పారు. కాగితాలు ఇచ్చారు, నాలుగు పేజీలు. ఎక్కడ పుట్టావు, ఎక్కడ పనిచేస్తావు, యజమాని పేరేమిటి, అదెందుకు అడుగుతున్నాడో తెలుసు, అయినా రాసింది. రాజ్యాంగం మీద ప్రశ్నలు వచ్చాయి. అన్నీ తెలిసినవే! సెనేటరు ఆరేళ్ళు, మూడింట రెండొంతులు, చెవి దగ్గర దువ్వెన చురుక్కుమంటూనే ఉంది, చెయ్యి ఆగకుండా రాసుకుంటూ పోతోంది, లోపల ఒక రకమైన సంతోషం, పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగుతోంది. నాలుగో పేజీ చివర ఒక గీత కనపడింది. నున్నటి గీత, ఖాళీగా ఉంది. ఎన్ని నెలల నుంచి గోడల మీద రాస్తోంది ఆ పేరు! పెట్టేసింది. వంపుతో సహా, తోకతో సహా. ఎంత అందంగా వచ్చిందంటే ఒక క్షణం చూస్తూ ఉండిపోయింది.

కాగితం చేతికి తీసుకుని కళ్ళజోడు మనిషి మొదటి పేజీ చూడలేదు, రెండోది చూడలేదు, చివరి పేజీ తిప్పాడు. "సంతకం ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు. గీత ఉంది కదండీ అంది. "ప్రమాణం చేయించాక, నేను చెప్పాక, నా ముందు పెట్టాలి. ఇది చెల్లదు," అన్నాడు. ఇంకో కాగితం ఇప్పించండి బాబూ అంది, ఆ బాబూ అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది. మనిషికి ఒకటే అన్నాడు. హామీ? అయిపోయింది అన్నాడు, ఉన్నదాన్ని వాడేశావు కదా. అరవడం కూడా లేదు. పోస్టాఫీసులో స్టాంపుల్లేవు అని చెప్పినట్టు చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాడు.

మెట్లు దిగి బయటికి వచ్చింది. బండిలో అమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డమూట, మూటలో కూతురి కోసం ఉడకబెట్టిన చిలగడదుంప, తను తినకుండా దాచింది. "ఏమైందే?" అంది. ఏం చెప్పాలి? అమ్మా, నీ వంతు నాకిచ్చావు, నేను తొందరపడి పాడుచేశాను అని చెప్పాలా? నా పేరు చూసుకుని మురిసిపోయాను అని చెప్పాలా? నోట్లోంచి ఏదో వచ్చేసింది. "ఈ కోర్టుకి కిటికీలెన్ని అని అడిగాడమ్మా," అంది. అమ్మ నోరు తెరిచింది. "నువ్వేమన్నావ్?" "లెక్కపెట్టొస్తానన్నా." అంతే, అమ్మ నవ్వడం మొదలుపెట్టింది, భుజాలు కదిలిపోతున్నాయి, కళ్ళెంబడి నీళ్ళు, దుంప కింద పడింది, "లెక్కపెట్టొస్తానందిట నా బంగారం!" అని. టార్వర్ గారు అద్దంలోంచి ఒక్కసారి వెర్నీస్‌ని చూశారు. పక్కనే నిలబడి మొత్తం చూసిన మనిషి. చూపు తిప్పి బండి తోలారు. చచ్చిపోయేదాకా ఏమీ అనలేదు. ఆ వారం అమ్మ ఆ కిటికీల కథ సెలూన్‌లో చెప్పింది, చర్చిలో చెప్పింది, ఇస్త్రీ బట్టలు ఇచ్చే చోట గొంతు తగ్గించి వంటమనుషులకి చెప్పింది. అంతమంది ముందు అంత గర్వంగా అమ్మ చెబుతుంటే, అబద్ధం అని ఎలా అంటుంది, ఏ పూట అంటుంది?

జూలైలో అదే బండిలో వెళ్ళిపోయింది ఆర్జీలియా. గుండె. చేలోనే. చట్టం ఆగస్టులో వచ్చింది, ఆరో తారీకున. సెప్టెంబరులో వెర్నీస్ వెళ్తే హామీ అడగలేదు, ప్రశ్నలు అడగలేదు, పేరడిగారు, రాయించుకున్నారు, పది నిమిషాల పని. పది నిమిషాలు! వీధిలోకి వచ్చి గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఇరవై ఎనిమిది రోజులు. అమ్మకీ ఆ చట్టానికీ మధ్య ఇరవై ఎనిమిది రోజులు ఉన్నాయి, ఈ కాగితం ఏమో ఆ హక్కుని తొంభై అయిదేళ్ళు తీసుకుపోయి వెనక పెట్టేసింది, చాప కింద చెత్త తోసినట్టు. కాగితం మీద కోపం వస్తుంది, కళ్ళజోడు మనిషి మీద వస్తుంది, అందరినీ తిట్టుకుంటూ వెళ్ళి వెళ్ళి చివరికి ఆ కోపం ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంది, వంపు తిరిగిన మొదటి అక్షరం దగ్గర, తోక ఉన్న చివరి అక్షరం దగ్గర. ఆగి ఉండలేకపోయావా? ఒక్క నిమిషం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోలేకపోయావా? ప్రతి ఫిబ్రవరిలో, నల్లవారి చరిత్ర నెల అని, చర్చిలో తన చేత కిటికీల కథ చెప్పిస్తారు, పిల్లలు ముందు వరసలో కూర్చుని నోళ్ళు తెరుచుకు వింటారు, లెక్కపెట్టొస్తానన్నా అనగానే చప్పట్లు. జలీసా అయితే నాలుగేళ్ళప్పటి నుంచి వింటోంది, ఆ పిల్ల 1965 అని నింపింది పుస్తకం చూసి కాదు, ఆ కథ విని. అబద్ధం చెబుతున్నది ఈ పచ్చ అట్ట పుస్తకం ఒక్కటేనా మరి? ఆ ఆలోచన రాగానే వెర్నీస్ కుర్చీలో ఇటు నుంచి అటు జరిగింది, కుర్చీ కిర్రుమంది.

బెల్లు కొట్టారు. గోడలదిరేలా కొట్టారు. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకుని నడవా అంతా పిల్లలతో నిండిపోయింది, భుజాలు, సంచులు, కేకలు, అత్తరు వాసన, చిప్స్ వాసన. ఆ గుంపులోంచి జలీసా వచ్చింది, పొడుగ్గా, సన్నగా, ఆర్జీలియా నడకే.

"అమ్మమ్మా! ఇంకా ఇక్కడే ఉన్నావా? ఇంటికెళ్ళిపో, అయిపోయింది."

"ఏమయిపోయింది?"

"మళ్ళీ రాశా. ఇప్పుడే, ఈ పీరియడ్‌లోనే. తప్పినవాళ్ళందరికీ మళ్ళీ పెట్టారు. అరవై నాలుగొచ్చాయి. పాసయ్యా!"

వెర్నీస్ బ్యాగు మీద చెయ్యి వేసింది. "ఆ ప్రశ్న వచ్చిందా?"

"వచ్చింది."

"ఏం పెట్టావ్?"

పిల్ల బూటు ముక్కుతో నేల గీకింది. "వాళ్ళకేం కావాలో అది పెట్టా."

"నోటితో చెప్పు."

"పద్దెనిమిది వందల డెబ్బై."

చెయ్యి లేచేదే, ఎన్నడూ ఆ పిల్ల మీద లేవని చెయ్యి. జలీసా అది చూసింది, చూసి తనకీ కోపం వచ్చింది. "ఏం చెయ్యమంటావ్ మరి? అమ్మతో పాటు కోళ్ళు కొయ్యనా? నేనేమన్నా నమ్మి పెట్టానా? నిన్ను కిటికీలెన్ని అని అడిగితే లెక్కపెట్టకుండా వచ్చేశావ్. నేను లెక్కపెట్టి వచ్చా. అంతే తేడా."

పిల్లలు పక్క నుంచి తోసుకుంటూ పోతున్నారు. వెర్నీస్ ఆ చేత్తోనే జలీసా మణికట్టు పట్టుకుని పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టింది.

"కిటికీలు లేవు," అంది.

"ఏంటి?"

"వాడు కిటికీల సంగతే ఎత్తలేదు. నేను కల్పించా. అన్ని జవాబులూ కరెక్టుగానే రాశా. సంతకం ముందే పెట్టేశా. వాడు చెప్పాక పెట్టాలట, నేను గీత కనపడగానే పెట్టేశా. కాగితం పారేశాడు. టార్వర్ గారి హామీ అది. మా అమ్మకి రావాల్సింది, నాకిచ్చింది. నేను పాడుచేశా." పిల్ల మణికట్టు వదిలింది. "మా అమ్మ ఓటు వెయ్యకుండా పోయింది నా వల్ల. అదీ కథ. వచ్చే ఫిబ్రవరిలో చర్చిలో చెప్పుకో."

జలీసా కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి, లెక్క తేలనప్పుడు వచ్చినట్టు.

"ముందు పెట్టకూడదని ఆ కాగితం మీద రాసుందా?"

"లేదు."

"కాగితం ఇచ్చేటప్పుడు వాడు చెప్పాడా?"

"లేదు."

"నీ పేరేగా పెట్టింది? ఇంకెవరి పేరైనా పెట్టావా?"

"నాదే."

"మరి తప్పు నీదెలా అయింది అమ్మమ్మా?" పిల్ల గొంతు పెరిగింది, అటు పోయే ఇద్దరు ఆగి చూశారు. "ఎవడు పెట్టాడు ఆ రూలు? వాడి పేరేంటి?"

యాభై నాలుగేళ్ళు. యాభై నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఎలా అడుగుతారు, ఎవరికీ చెబితేగా. తనని తను కూడా అడగలేదు. ఎందుకు ఆగలేకపోయావని అడిగింది వేలసార్లు, ఎందుకు ఆపాడని ఒక్కసారీ అడగలేదు. నిజమే కదా, ఎవడు పెట్టాడు? కోరా బెల్ మొత్తం రాజ్యాంగం చెవి కాల్చి మరీ నేర్పింది, అందులో ఎక్కడా లేదే ఆ మాట! వాడప్పుడే పుట్టించాడు. చివరి పేజీ ముందు తిప్పినప్పుడే, సంతకం కనపడ్డాకే పుట్టించాడు. సంతకం ఆలస్యంగా పెట్టి ఉంటే ఎందుకు ఆలస్యం చేశావనేవాడు. ఛాతీలో ఏళ్ళ తరబడి ఒకవైపే ఒరిగి ఉన్న బరువేదో లేచి నిలబడినట్టయింది. తేలికవలేదు. బరువు బరువుగానే ఉంది, వాడి వైపు తిరిగింది, అంతే.

అప్పుడొచ్చింది మిస్ ఫెల్టన్, చేతినిండా కాగితాలతో, ఆయాసపడుతూ, పాతికేళ్ళుంటాయేమో. "సారీ మిస్ వెర్నీస్, మీరు వచ్చారని తెలుసు, పిల్లల్ని వదిలి రాలేకపోయా. మంచి వార్త చెప్పిందా జలీసా?"

"చెప్పింది. ఈ ప్రశ్న రాసిందెవరు?"

"ఏ ప్రశ్నండీ?"

బ్యాగులోంచి కాగితం తీసి వేలు పెట్టింది. టీచరు చూసింది. చూసిన చూపులోనే తెలిసింది, ఆమె ఇది ముందే చూసిందని, తనకీ నచ్చలేదని. "నేను రాయలేదండీ. పైనుంచి వస్తాయి."

"పైనుంచి అంటే? దేవుడా?"

కిటికీ వెనక డార్లీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బోర్డు ఆఫీసండీ. వాళ్ళకి ఇంకెక్కడి నుంచో వస్తాయి. అయినా పాసయిపోయింది కదండీ, ఇంక ఇబ్బందేం లేదు."

"పిల్లకి లేదు. మా అమ్మకుంది," అంది వెర్నీస్. "రాసినవాడికి ఒక పేరుంటుంది కదా. ప్రశ్న దానంతటది పుట్టదు. ఆ పేరు కావాలి నాకు. డార్లీన్, ఫోన్ చెయ్."

"ఎవరికత్తా?"

"పైకి."

డార్లీన్ టీచరు వైపు చూసింది. మిస్ ఫెల్టన్ చేతిలో కాగితాలు కిటికీ గట్టు మీద పెట్టింది, ఒక్క క్షణం తటపటాయించింది, నంబరు తనే చెప్పింది. డార్లీన్ నొక్కింది, విన్నది, ఎవరో ఏదో అడిగితే ఏదో చెప్పింది, ఫోను చెవి నుంచి తీసి అరచేత్తో మూసింది.

"లైన్లో ఉండమంటున్నారత్తా. సంబంధించినవాళ్ళు సీట్లో లేరట. ఎంతసేపవుతుందో చెప్పలేమంటున్నారు. మీరు ఇంటికెళ్ళండి, తెలిస్తే నేను సాయంత్రం చెబుతాగా."

వెర్నీస్ నీలం కుర్చీని గోడ దగ్గర్నుంచి లాక్కొచ్చి సరిగ్గా కిటికీ ముందు వేసుకుంది. కూర్చుని, వంగి, బూటు లేసులు రెండూ విప్పింది, వాచిన పాదాలు బయటికి తీసి చల్లటి నేల మీద పెట్టింది. జలీసా తర్వాతి క్లాసుకి వెళ్ళకుండా పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది.

"మధ్యాహ్నం ఇక్కడ పిల్లలకి తినడానికి ఏం పెడతారే డార్లీన్?" అంది వెర్నీస్.